కేసు కొట్టేశారు సరే, పోయిన నాలుగేళ్ల సంగతేంటి?

కావలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం ముందు ఆమె చెప్పింది క్లుప్తంగా రాస్తాను. ఆటో తోలుకునే తమ్ముణ్ణి 2021లో గొలుసు లాగాడని పట్టుకెళ్లారు. 71 రోజులు జైల్లో ఉన్నాడు. లోపల ఉండగానే వేరే రెండు స్టేషన్ల వాళ్లు పీటీ వారెంటు (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో కోర్టుకు రప్పించే ఉత్తర్వు) మీద తీసుకెళ్లి ఇంకో రెండు కేసుల్లో చూపించారు. మూడూ ఒకటొకటిగా కొట్టేశారు, చివరిది ఎనిమిది నెలల కింద. పరిహారం వస్తుందా, ఆ పని చేసినవాళ్ల మీద చర్య ఉంటుందా, ఇన్నేళ్లలో ఒక్కరు కూడా ఎందుకు ఆపలేదు అని ఆమె అడుగుతోంది.

నేను నెల్లూరు, ఒంగోలు కోర్టుల్లో 27 ఏళ్లుగా క్రిమినల్ కేసులు చేస్తున్నాను, ఎక్కువగా ముద్దాయిల తరఫున.

అమ్మా, తొందరగా చేయాల్సింది ముందు చెబుతాను. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. దురుద్దేశంతో కేసు పెట్టారని సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయాలంటే లిమిటేషన్ చట్టం ప్రకారం గడువు ఒక్క ఏడాదే. కొట్టేసిన రోజు నుంచి లెక్క. మీకు ఎనిమిది నెలలు అయిపోయాయి. పోలీసు అధికారి మీద, ప్రభుత్వం మీద దావా అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. ఆ రెండు నెలల్నీ గడువులోంచి మినహాయిస్తారు, అయితే ఏడాది దాటకముందే నోటీసు వెళ్లి ఉండాలి. ముందు కొట్టేసిన రెండు కేసుల గడువు దాటిపోయి ఉండొచ్చు, తీర్పుల తేదీలు చూడాలి. మానవ హక్కుల కమిషన్‌కూ ఏడాదే గడువు, అదీ హక్కు పోయిన రోజు నుంచి. 2021 అరెస్టు మీద ఆ తలుపు మూసుకుపోయినట్టే. కాబట్టి ఈ వారంలోనే మూడు తీర్పుల సర్టిఫైడ్ కాపీలకు కాపీ అప్లికేషన్ పెట్టండి.

ఇక మీ మూడో ప్రశ్న. నన్ను ఇన్నేళ్లు నిద్రపోనివ్వనిది అదే, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను.

తప్పుడు కేసు మొదటి ఇరవై నాలుగు గంటల్లో, స్టేషను రైటరు బల్ల మీద నాలుగు కాగితాల్లో పుడుతుంది. ఎఫ్ఐఆర్, ముద్దాయి నేరం ఒప్పుకున్నాడనే వాంగ్మూలం, సొత్తు దొరకగా పక్కనుండి చూశామనే సాక్షుల, అంటే మధ్యవర్తుల రిపోర్టు, రిమాండు రిపోర్టు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పింది. కానీ అదే చట్టం 27వ సెక్షన్ ఒక సందు ఉంచింది. ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్ కింద అది అలాగే ఉంది. నేను చూసిన దొంగతనం కేసుల్లో చాలా భాగం ఈ సందులోంచి నడిచినవే. సొత్తు ఎక్కడ దొరికినా ముద్దాయి చూపించగా దొరికినట్టు రాస్తారు. కింద ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు, వాళ్లలో ఒకరు ఆ ఊరి వీఆర్వో. రెవెన్యూలో చిన్న ఉద్యోగి, రేపు మళ్లీ అదే ఎస్ఐతో పని పడుతుంది. సంతకం పెట్టనని ఎట్లా అంటాడు?

ఒక కేసు చెబుతాను, పేర్లూ ఊళ్లూ వద్దు. సింగరాయకొండకు తూర్పున, సముద్రం వైపు, ఒక రొయ్యల చెరువు మీద కాపలా ఉండే యానాది కుర్రాడు. ఆ చుట్టుపక్కల పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగితీగ ఎత్తుకుపోతున్నారు, రైతులు గోల పెడుతున్నారు. పైనుంచి ఒత్తిడి. ఒకరోజు పొద్దున్నే చెరువు గట్టు మీద నుంచి పిల్లవాణ్ణి జీపెక్కించారు. మూడు స్టేషన్లలో మూడు కేసులు. నేను వకాలతు వేసేసరికే అతను లోపలికి వెళ్లి నలభై రోజులు.

మూడు మధ్యవర్తుల రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. "పోలీసు వారిని చూసి పారిపోవుటకు ప్రయత్నించగా చుట్టుముట్టి పట్టుకొని" అనే వాక్యం మూడింటిలోనూ ఉంది. ఒకే వాక్యం, ఒకే అక్షరదోషం. మూడో దానిలో ఊరి పేరు మార్చడం కూడా మర్చిపోయారు. రెండో కేసు ఊరి కాలువ వంతెనే మూడో కేసులోనూ ఉంది, రెండూళ్ల మధ్య ముప్పై కిలోమీటర్లు. ఈ కాగితాల్ని ఒక సీఐ చూశారు, ప్రభుత్వ వకీలు ఏపీపీ చూశారు, రిమాండు పొడిగించిన ప్రతిసారీ కోర్టు ముందుకు వచ్చాయి. ఒక్కరికీ ఆ వంతెన కనపడలేదు.

ఇంకొకటి. చెరువు మీద మేత వేసేవాళ్లు ఒక నోటు పుస్తకం రాస్తారు. ఎన్ని గంటలకు మేత వేశారు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏరేటర్లు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు. ఈ పిల్లవాడు ఎనిమిదో తరగతి దాకా చదివాడు, గుండ్రటి అక్షరాలు. మొదటి దొంగతనం జరిగిందన్న రాత్రి పదింటికి, రెండింటికి, ఆరింటికి అతని చేతిరాత ఉంది. పుస్తకం అంచులు ఉప్పునీటికి ఉబ్బిపోయి, మూలల్లో మేత పొడి అంటుకుని ఉంది. జైల్లో కలిసినప్పుడు అతను మొదట చెప్పింది దాని గురించే. "సార్, నేను ఆ రేత్రి చెరువు మీదే ఉండా, పుస్తకంలో రాసుండా, చూడమని ఆయన్ని కాళ్లు పట్టుకున్నా" అన్నాడు. చూడాలంటే స్టేషను నుంచి చెరువు దాకా పావుగంట ప్రయాణం. ఎవరూ పోలేదు. చెరువు యజమాని ఆ పుస్తకం తెచ్చి కోర్టులో సాక్ష్యం చెప్పింది నాలుగేళ్ల తర్వాత. వీఆర్వోను క్రాస్ చేసినప్పుడు ఆయన తల వంచుకుని, స్టేషనుకు పిలిస్తే పోయి సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు, మొత్తం బరువు తెచ్చి ఆ చిన్న ఉద్యోగి మెడ మీద పెట్టిన తీరు మీద వచ్చింది.

మూడూ కొట్టేశారు. అయినా తీర్పులో "సంశయ లబ్ధి ఇస్తూ" అని రాశారు, అంటే నేరం చేశాడనడంలో అనుమానం ఉంది కాబట్టి వదులుతున్నామని. ఆ రెండు మాటల గురించి తర్వాత చెబుతాను.

అతన్నే ఎందుకు పట్టుకున్నారంటే దానికి మన జిల్లాలోనే పాత జవాబుంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకలవాళ్లనూ యానాదుల్లో కొందరినీ పుట్టుకతోనే నేరస్తులుగా ముద్ర వేశారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆధ్వర్యంలో అట్లా ముద్ర పడ్డవాళ్లను ఉంచే సెటిల్‌మెంటు నడిచింది. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటు పేరు మీరూ వినే ఉంటారు. 1952లో దేశమంతా ఆ చట్టం రద్దయింది. స్టేషన్లలో అనుమానితుల పేర్లతో సస్పెక్ట్ షీట్లు పెట్టే అలవాటు మాత్రం ఉండిపోయింది. దొంగతనం జరగ్గానే ఎవరు చేశారో వెతకడానికి బదులు షీట్లో ఎవరున్నారో చూస్తారు. ఒకసారి లోపలికి పోయినవాడి మీద తేలని పాత కేసులు ఎక్కించడం సులువు, మనిషి అప్పటికే చేతిలో ఉన్నాడు గదా. మీ తమ్ముడి మీద పీటీ వారెంట్లు అట్లాగే వచ్చాయని నా అనుమానం. ఆ రెండు కేసుల ఎఫ్ఐఆర్ తేదీలు చూడండి. మీ తమ్ముణ్ణి పట్టుకోవడానికి నెలల ముందే గుర్తు తెలియని వ్యక్తుల మీద నమోదై పడి ఉన్నవైతే సంగతి అర్థమైపోతుంది.

అందరు పోలీసులూ ఇట్లాంటివాళ్లని నేను అనను. నిజం తేలాక తానే ఫాల్స్ అని రిపోర్టు వేసిన ఎస్ఐలు నాకు తెలుసు. కానీ అదే ఎస్ఐ పొద్దున బందోబస్తు, మధ్యాహ్నం కోర్టు, సాయంత్రం వీఐపీ, రాత్రి గస్తీ చూసుకుని, ఆ మధ్యలో దర్యాప్తు చేయాలి. శాంతిభద్రతల పనిని దర్యాప్తు నుంచి విడదీయమని సుప్రీంకోర్టు 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. మన చిన్న స్టేషన్లలో నేను ఇంతవరకూ అది చూడలేదు. నెలవారీ క్రైమ్ మీటింగులో ఎన్ని కేసులు తేల్చావని అడుగుతారు, సరిగ్గా తేల్చావా అని ఎవరూ అడగరు. కేసు తేలినట్టు చూపిస్తే ఆ నెల గడుస్తుంది, కొట్టేసేనాటికి ఆ ఎస్ఐ బదిలీ అయి ఎక్కడో ఉంటాడు.

మేజిస్ట్రేటు దగ్గర ఆగొచ్చు కదా అంటారు. చట్టం అక్కడే ఆగమంటుంది. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో ఊరికే అరెస్టు చేయొద్దు, ముందు నోటీసివ్వండి అని 2014లో సుప్రీంకోర్టు అర్నేశ్ కుమార్ తీర్పులో చెప్పింది. మరి గొలుసు కేసులో మీ తమ్ముణ్ణి ఎట్లా తీసుకెళ్లారు? ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ చూడండి. పాత ఐపీసీలో మామూలు దొంగతనం 379 అయితే మూడేళ్లు, నోటీసు ఇవ్వాల్సిందే. దాన్ని దోపిడీ కింద 392 అని రాస్తే పదేళ్ల దాకా వెళుతుంది, నోటీసు రక్షణ పోతుంది. ఒక్క అంకె మారితే మనిషి ఇంట్లో ఉండేవాడు చెముడుగుంట జైల్లో ఉంటాడు.

71 రోజుల దగ్గర నాకు ఇంకో సందేహం. ఉరి, యావజ్జీవం, లేదా కనీసం పదేళ్ల శిక్ష ఉన్నవి కాని నేరాల్లో 60 రోజుల్లోగా ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. 392కు కూడా 60 రోజులే, 2017లో రాకేశ్ కుమార్ పాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఛార్జిషీటు ఏ రోజు వేశారో కోర్టు రికార్డులో ఉంటుంది. 60 దాటాక వేసి ఉంటే, మీ తమ్ముడికి ఎవరో ఒక అర్జీ పెట్టకపోవడం వల్ల పది పదకొండు రోజులు పోయాయన్నమాట. లోపల ఉన్న పేదవాడి తరఫున ఆ తేదీ లెక్కపెట్టేవాళ్లు లేకపోవడమే ఈ వ్యవస్థలో పెద్ద లోపమని నేను గట్టిగా నమ్ముతాను. 2022 చివరి నాటికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది ఇంకా తీర్పు రానివాళ్లే, నూటికి 75కు పైగా.

ఇక పరిహారం. మీకు కోపం రావాల్సిన చోటు ఇది. తప్పుడు ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వం పరిహారం ఇవ్వాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 358 సెక్షన్ ఒకటుండేది. కారణం లేకుండా ఒకర్ని అరెస్టు చేయించినవాడి దగ్గర మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించొచ్చు, వెయ్యి రూపాయలు మించకుండా. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 399గా వచ్చింది, వెయ్యి రూపాయలు వెయ్యిగానే ఉన్నాయి. లా కమిషన్ 2018 ఆగస్టులో 277వ నివేదిక ఇచ్చింది. అంతకుముందు ఏడాది ఢిల్లీ హైకోర్టు అడిగితే మొదలైన పని అది. తప్పుడు కేసుల బాధితులకు పరిహారం తేల్చడానికి ప్రత్యేక కోర్టులు పెట్టండి, డబ్బే కాకుండా ఉపాధికీ వైద్యానికీ ఆదరువు ఇవ్వండి, మధ్యంతర పరిహారం ఇవ్వండి అని రాశారు. 2023లో మూడు క్రిమినల్ చట్టాలూ కొత్తగా రాసుకున్నప్పుడు దాన్ని చేర్చే అవకాశం ఉంది. చేర్చలేదు. 2025 జూలైలో తమిళనాడుకు చెందిన ఒక ఉరిశిక్ష ఖైదీని నిర్దోషిగా విడుదల చేస్తూ సుప్రీంకోర్టు మళ్లీ ఇదే లోటు ఎత్తిచూపింది.

చట్టం లేకపోయినా హైకోర్టు, సుప్రీంకోర్టు రాజ్యాంగం కింద ఇవ్వగలవు, ఇచ్చాయి. బీహారులో రుదుల్ షా అనే మనిషి 1968లో నిర్దోషిగా తేలాక కూడా 1982 దాకా జైల్లోనే ఉన్నాడు. 1983లో సుప్రీంకోర్టు, అప్పటికే ప్రభుత్వం ఇచ్చిన 5 వేలు కాక, ఇంకో 30 వేలు ఇమ్మంది. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో గూఢచర్యం కేసులో అరెస్టు చేశారు, కేసు బూటకమని సీబీఐ తేల్చింది, 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇమ్మంది. అంత పేరున్న మనిషికే 24 ఏళ్లు పట్టింది. మన రాష్ట్రంలో, 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో జరిగిన ఫార్మసీ విద్యార్థిని హత్య మీ అందరికీ గుర్తే. ఆ కేసులో శిక్ష పడ్డ కుర్రాణ్ణి 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా వదిలింది. ఎనిమిదేళ్లకు పైగా లోపల గడిపినవాడికి లక్ష రూపాయలు ఇమ్మంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు పదేళ్ల తర్వాత న్యాయం మళ్లీ మొదటికొచ్చింది. తప్పుడు మనిషిని పట్టుకుంటే అన్యాయం రెండు ఇళ్లకు జరుగుతుంది. ఈ మాట చర్చల్లో ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. మీ తమ్ముడి కేసులో గొలుసు పోగొట్టుకున్నామె కూడా ఇవాళ్టికీ మోసపోయినట్టే.

మీ ముందున్న దారుల్లో నా అభిప్రాయం ఇది. సివిల్ దావాలో నాలుగు సంగతులు మీరే రుజువు చేయాలి. కేసు వాళ్లు నడిపించారని, అది మీ పక్షాన ముగిసిందని, దానికి సహేతుకమైన కారణం లేదని, దురుద్దేశం ఉందని. కొట్టేశారన్న ఒక్క మాట సరిపోదు, ఈ ఆఖరి రెండిటి దగ్గరే చాలా దావాలు పడిపోతాయి. మధ్యవర్తుల రిపోర్టు వండినదని, సాక్షిని స్టేషనుకు పిలిచి సంతకం పెట్టించారని జడ్జి తీర్పులో రాసి ఉంటే దావాకు కాళ్లు ఉన్నట్టు. ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయింది అని మాత్రమే ఉంటే కష్టం. హైకోర్టులో 226 అధికరణం కింద రిట్ వేయాలన్నా ఆ వాక్యాలే ఆధారం. అందుకే కేసు నడుస్తున్నవాళ్లకు చెబుతున్నాను, సాక్షులందరూ అడ్డం తిరిగారు, కొట్టేస్తారులే అని మీ వకీలును క్రాస్ మానేయనివ్వకండి. అబద్ధం ఎక్కడుందో రికార్డు మీదికి తెప్పించుకోండి.

చర్య సంగతి. 2014 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం, కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఒక ఆదేశం ఇచ్చింది. ప్రతి రాష్ట్రంలోనూ సీనియర్ పోలీసు, ప్రాసిక్యూషన్ అధికారులతో స్థాయీ సంఘం ఉండాలి, కొట్టేసిన ప్రతి కేసునూ పరిశీలించాలి, దర్యాప్తులో తప్పు చేసిన అధికారిని గుర్తించి శాఖాపరమైన చర్య తీసుకోవాలి. ఈ తీర్పు పేరు రాసి, మీ మూడు కేసుల సీసీ నంబర్లు (కోర్టు ఇచ్చిన కేసు నంబర్లు) వేసి, ఎస్పీకీ, డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్‌కూ రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపండి. దానితోపాటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు, ఈ మూడు కేసుల్ని ఆ సంఘం ఎప్పుడు చూసింది, ఏం రాసింది అని. జవాబుకు 30 రోజుల గడువు. చూడలేదని రాసిచ్చినా అది మీకు పనికొచ్చే కాగితమే, రిట్‌లో జతచేయొచ్చు. సాక్షి అబద్ధం చెప్పినట్టు తీర్పులో తేలితే అదే కోర్టులో సంహిత 379వ సెక్షన్ కింద, అంటే పాత 340, విచారణ కోరవచ్చు. ఆ అర్జీ వీఆర్వో మీద వేయకండని నా సలహా. పైవాడు తప్పుకుని అతను ఇరుక్కుంటాడు.

ఇప్పుడు ఎవరి ఇంటికైనా జీపు వస్తే ఏం చేయాలో కూడా రాస్తాను, ఇది చదివేవాళ్లలో అట్లాంటివాళ్లు ఉంటారు. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా, తనకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో అన్ని నేరాలకూ వర్తించేలా చెప్పింది, అడిగి తీసుకోండి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాలి. అక్కడ "పోలీసులు కొట్టారా?" అని అడుగుతారు. పక్కన కానిస్టేబులు నిలబడి ఉంటాడు కాబట్టి మనవాళ్లు లేదని తల ఊపుతారు. ఆ తల ఊపడం రికార్డవుతుంది. ఎప్పుడు పట్టుకున్నారో, ఎక్కడ ఉంచారో ఆ ఒక్క నిమిషంలో చెప్పించండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టి రికార్డింగును 18 నెలలు ఉంచాలని, కుదరకపోతే ఏడాదికి తగ్గకుండా ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు తీర్పు ఉంది. ఆ రోజు ఫుటేజీని భద్రపరచమని వెంటనే కోర్టులో అర్జీ పెట్టండి, రెండేళ్ల తర్వాత అడిగితే చెరిగిపోయిందంటారు. సోదా, స్వాధీనం వీడియో తీయాలని సంహిత 105వ సెక్షన్ చెబుతోంది, వీడియో లేని రికవరీని మొదటి వాయిదా నుంచే ప్రశ్నించండి. వకీలును పెట్టుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేయొచ్చు, అరెస్టైన రోజే.

మళ్లీ ఆ రెండు మాటల దగ్గరికి వస్తాను. నా క్లయింటు, ఆ చెరువు కుర్రాడు, విడుదలయ్యాక ఒక కంపెనీలో సెక్యూరిటీ పనికి పోయాడు. పోలీసు వెరిఫికేషన్‌లో మూడు కేసులూ కనిపించాయి, సంశయ లబ్ధి అని కనిపించింది, వద్దన్నారు. మీ తమ్ముడు ఎప్పుడైనా ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే కేసుల సంగతి దాచవద్దని చెప్పండి. 2016లో అవతార్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, దాచిపెట్టడమే విడిగా ఒక కారణమై ఉద్యోగం పోగొట్టొచ్చు. నిజం రాసి, తీర్పు కాపీ జతచేయాలి. తీర్పులో నిర్దోషి అని స్పష్టంగా లేకపోతే, ఆ మేరకు వ్యాఖ్యలు సరిచేయమని పైకోర్టుకు వెళ్లొచ్చా లేదా అన్నది తీర్పు చదివితేగానీ నేను చెప్పలేను.

ఇంకొకటి, కేసులు పోయినా స్టేషనులో అతని పేరు మీద సస్పెక్ట్ షీటు గానీ రౌడీ షీటు గానీ తెరిచి ఉందేమో కనుక్కోండి. పండక్కీ ఎలక్షనుకీ పిలిపించి కూర్చోబెడుతుంటే ఉన్నట్టే. మూడు తీర్పులూ జతచేసి, షీటు మూసేయమని ఎస్పీకి విడిగా అర్జీ ఇవ్వండి, ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. పిలిచిన తేదీలన్నీ మీ తమ్ముడి చేత ఒక పుస్తకంలో రాయించండి, అతని చేతిరాతతోనే, ఇవాళ్టి నుంచే.

కాపీలు చేతికొచ్చాక పేర్లు కొట్టేసి తీర్పుల చివరి రెండేసి పేజీలు ఇక్కడ పెట్టండి. చదివి, దావానా రిట్టా అన్నది చెబుతాను.